సెన్సర్ అంకెల వణుకు: ముందు నడిమి అంకె, తర్వాతే నునుపు

ఆర్డుయినోకి (చిన్న కంట్రోలర్ బోర్డు) హెచ్‌సీ-ఎస్‌ఆర్04 సెన్సర్ (ధ్వని పంపి, ప్రతిధ్వనితో దూరం కొలిచేది) కలిపి, ప్యూర్ డేటాలో (పెట్టెలను తీగలతో కలిపి శబ్దాలు తయారుచేసే ప్రోగ్రామ్) చేతి కదలికతో స్వరం పలికించేవాళ్ల కోసం ఇది. చెయ్యి కదలకుండా పట్టుకున్నా అంకెలు వణుకుతూనే ఉంటాయి, స్వరం కూడా నిలవదు.

చాలామంది వెంటనే సగటు తీస్తారు. కానీ ఈ సెన్సర్‌తో పెద్ద చిక్కు చిన్న వణుకు కాదు, ప్రతిధ్వని దారితప్పినప్పుడు ఊడిపడే ఒక్క పిచ్చి అంకె. 30, 180, 31 వస్తే సగటు 80 దాటిపోతుంది. అందుకే ముందు చివరి మూడు అంకెల్లో నడిమిది తీసుకోండి. అది 31. ఇక 180 జాడే ఉండదు.

ఆ తర్వాత లెక్కలు చేసే ఎక్స్‌ప్ర్ (expr) ఆబ్జెక్ట్‌లో ఈ లెక్క పెట్టండి: పాతది + (కొత్తది − పాతది) × 0.1. కొత్తది అంటే ఇప్పుడే వచ్చిన నడిమి అంకె, పాతది అంటే కిందటిసారి వచ్చిన జవాబు. వచ్చిన జవాబునే తీగతో దాని కుడి ఇన్‌లెట్‌కి (విలువలు లోపలికి వెళ్లే చోటు) తిప్పి ఇవ్వాలి. కుడి ఇన్‌లెట్ విలువను దాచుకుంటుందే తప్ప లెక్కను మళ్లీ నడపదు కాబట్టి స్టాక్ ఓవర్‌ఫ్లో (లెక్క ఆగకుండా తనను తానే నడుపుకుంటే వచ్చే ఎర్రర్) టెన్షన్ లేదు. ఎడమవైపు కలిపారో, వెంటనే వస్తుంది!

0.1 బాగా నునుపు చేస్తుంది కానీ మందకొడి. 20 మిల్లీసెకన్లకో అంకె వస్తుంటే, చెయ్యి జరిపాక 90 శాతం దూరం చేరడానికి దాదాపు 440 మిల్లీసెకన్లు పడుతుంది. వాయించేవాళ్లకి అది చాలా ఆలస్యం. 0.3 పెడితే సుమారు 140. నాకు అదే నచ్చింది.

చివర్లో ప్యాక్ 0 20 (pack 0 20: అంకెకి 20 మిల్లీసెకన్ల సమయం జతచేసేది) పెట్టి లైన్ టిల్డాకి (line~: ఆ సమయంలో విలువను మెల్లగా జరిపేది) పంపితే, అంకెకీ అంకెకీ మధ్య వినిపించే మెట్ల శబ్దం కూడా పోతుంది.