ఒకే పెట్టెలో రెండు మూడు తేళ్లు పెంచే ముందు

ముందు జాతి సంగతి తేల్చుకోండి. కలిసి ఉంటుందని పేరున్నది పశ్చిమ ఆఫ్రికా ఎంపరర్ తేలు. మన మండ్రగబ్బలాగే నల్లగా, పెద్దగా ఉంటుంది. ఎడారి తేళ్లను కలపొద్దు, రెండు జాతులను ఒకచోట పెట్టనే వద్దు. మన దగ్గరి ఎర్రతేలును పట్టి పెంచుదామన్న ఆలోచన అసలు రానివ్వకండి. దాని విషం గుండెను దెబ్బతీస్తుంది, పిల్లలకైతే ప్రాణాంతకం.

– ఎంపరర్ తేలు సైటిస్ (వన్యప్రాణుల అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపు చేసే ఒప్పందం) రెండో అనుబంధంలో ఉంది. కాగితాలు చూపించలేనివాడి దగ్గర కొనకండి.

– అన్నీ ఇంచుమించు ఒకే సైజువి కావాలి. పెద్దది చిన్నదాన్ని తినేస్తుంది.

– తడి కొబ్బరి పొట్టు కనీసం 15 సెం.మీ. మందాన పరవండి. దాక్కునే చోట్లు తేళ్ల కంటే ఒకటి రెండు ఎక్కువే ఉండాలి. బెరడు ముక్కలు చాలు, అలంకరణ బొమ్మలు దండగ.

– అసలు ప్రమాదం కుబుసం విడిచేటప్పుడు. అప్పుడు ఒళ్లు మెత్తగా ఉంటుంది, కొండి పనిచేయదు. పక్కనున్నదానికి అది తేరగా దొరికిన తిండి. ఏ తేలైనా తిండి మానేసి మందకొడిగా కనిపిస్తే వెంటనే విడి డబ్బాలోకి మార్చండి. ఆ డబ్బా ముందే సిద్ధంగా ఉండాలి.

– కడుపుతో ఉన్నదాన్నీ వేరు చేయండి. ఇవి గుడ్లు పెట్టవు, పిల్లల్నే కంటాయి, వాటిని వీపు మీద మోస్తాయి.

– కడుపు నిండా పురుగులు వేయండి, మిగిలినవి తీసేయండి.

– రాత్రి అతినీలలోహిత టార్చి వేస్తే తేళ్లు మెరుస్తాయి. లెక్క చూసుకుని మూత బిగించండి.