పాత కారు హెడ్‌లైట్లు మినుకుమంటున్నాయా? బల్బు కొనకముందే చూడాల్సినవి

హెడ్‌లైట్ రెపరెపలాడగానే చాలామంది బల్బు మారుస్తారు, తర్వాత ఆల్టర్నేటర్‌ను (ఇంజనుతో తిరుగుతూ కరెంటు పుట్టించే యంత్రాన్ని) అనుమానిస్తారు. పాత కార్లలో తప్పు ఎక్కువగా ఈ రెండింటి మధ్య ఎక్కడో వదులైన, చిలుము పట్టిన జాయింటులో ఉంటుంది. అందుకే ముందు లైటు తీరు గమనించండి: ఒక్కటే మినుకుతోందా, రెండూనా? గతుకుల్లోనా, ఐడిల్‌లోనా? లోపలి లైటు, డాష్‌బోర్డు లైట్లు కూడా దాంతోపాటు మసకబారుతున్నాయా?

ఒక్క లైటే, గతుకుల్లో మినుకుతుంటే

లైటు వేసి ఉంచి, వెనక ఉన్న కప్లర్‌ను (బల్బుకు వైర్లు తగిలించే ప్లాస్టిక్ సాకెట్టును) మెల్లగా అటూ ఇటూ కదపండి. వెలుగు మారితే దొంగ దొరికినట్టే. లైటు ఆపి, చల్లారాక కప్లర్ ఊడదీసి చూడండి. ప్లాస్టిక్ గోధుమరంగుకు తిరిగినా, పిన్ను చుట్టూ కరిగినా శుభ్రం చేసి లాభం లేదు. వేడికి లోపలి క్లిప్పు పట్టు పోయి ఉంటుంది. కొత్త పిన్ను తొడిగినా మళ్లీ కాలుతుంది. సిరామిక్ హోల్డర్ వేసి, నల్లబడిన వైరును మెరిసే రాగి కనిపించేదాకా కత్తిరించి క్రింప్ చేయండి (పిన్నులో పెట్టి ప్లయరుతో నొక్కి బిగించండి). కప్లర్ బాగానే ఉంటే బల్బును వేలితో తట్టి చూడండి. తెగిన ఫిలమెంటు కొసలు తగిలీ తగలకా ఉన్నా ఇలాగే వెలుగుతుంది. కొత్త హాలోజన్ బల్బు గాజును ఉత్త చేత్తో ముట్టుకోవద్దు.

ఎర్త్ పరీక్ష

అసలు పని ఇక్కడే ఉంది. ఎర్త్ అంటే బల్బు నుంచి కరెంటు కారు బాడీ ద్వారా బ్యాటరీ నెగటివ్‌కు తిరిగి చేరే దారి. మల్టీమీటరును 20 వోల్టుల డీసీ రేంజిలో పెట్టండి. లైట్లు వెలుగుతూనే ఉండాలి, ఇది మరవద్దు. లైటు ఆపి కొలిస్తే కరెంటు పారదు కాబట్టి ఒక్క పోగు మీద వేలాడే వైరు కూడా సున్నా చూపించి, మంచిదే అని మోసం చేస్తుంది. ఎర్ర ప్రోబు బల్బు ఎర్త్ పిన్ను మీద, నల్ల ప్రోబు బ్యాటరీ నెగటివ్ పోస్టు మీద (క్లాంపు మీద కాదు) పెట్టండి. 0.1 వోల్టు వస్తే ఎర్త్ మంచిదే. 0.5 దాటితే ఎర్త్ చెడింది. బ్యాటరీ నెగటివ్ తీసేసి, ఎర్త్ వైరు బాడీకి కలిసే బోల్టు విప్పి, పెయింటు, తుప్పు పోయేలా గరుకు కాగితంతో రుద్దండి. పళ్ల వాషరు వేసి బిగించి, పైన పెట్రోలియం జెల్లీ రాయండి.

తర్వాత పాజిటివ్ వైపు. ఎర్ర ప్రోబు బ్యాటరీ పాజిటివ్ పోస్టు మీద, నల్లది బల్బు పాజిటివ్ పిన్ను మీద. 0.5 వోల్టు వరకు సహించవచ్చు. రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్చు) లేని పాత కార్లలో 1 వోల్టు పైనే పోతుండటం మామూలే. 10 శాతం వోల్టేజి తగ్గితే హాలోజన్ వెలుగు సుమారు 30 శాతం పడిపోతుంది.

రెండు లైట్లూ కాసేపు వెలిగి, ఆరి, మళ్లీ వెలుగుతుంటే

స్విచ్చు వేడెక్కుతోంది. కొన్ని కార్ల స్విచ్చులో వేడికి తెగి, చల్లారితే కలిసే బ్రేకరు ఉంటుంది. 60/55 వాట్ల చోట 100/90 వాట్ల బల్బులు వేసిన కార్లకు ఈ జబ్బు ఎక్కువ. ముందు సరైన బల్బులు వేయండి, తర్వాత డిప్‌కు ఒకటి, హై బీమ్‌కు ఒకటి రిలే పెట్టండి. బ్యాటరీ నుంచి 15 ఆంపియర్ల ఫ్యూజు ద్వారా 30 నంబరు పిన్నుకు, 87 నుంచి బల్బులకు 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరు. పాత హెడ్‌లైట్ వైరు 86కు, 85 ఎర్త్‌కు. ఫ్యూజు బ్యాటరీకి దగ్గరగా ఉండాలి. కొన్ని కార్లలో స్విచ్చు ఎర్త్ వైపు ఉంటుంది. అంటే లైట్లు వేయగానే బల్బు కామన్ పిన్నుకే పాజిటివ్ వస్తుంది. అలాంటి వాటికి ఈ కనెక్షన్ పనికిరాదు, ముందే చూసుకోండి.

అన్ని లైట్లూ ఇంజను వేగంతో పెరిగి తగ్గుతుంటే

బ్యాటరీ పోస్టుకు, దాని క్లాంపుకు మధ్య కొలవండి. దాదాపు సున్నా రావాలి. తర్వాత బెల్టు. ఇంజను ఆపి మధ్యలో బొటనవేలితో నొక్కితే సుమారు 10 మిల్లీమీటర్లు దిగాలి. ఇంజను రేజ్ చేసి బ్యాటరీ దగ్గర చూస్తే 13.8 నుంచి 14.5 వోల్టుల మధ్య నిలకడగా ఉండాలి. ఊగిసలాడుతుంటే ఆల్టర్నేటర్ లోపలి కార్బన్ బ్రష్‌లు అరిగాయి, లేదా వోల్టేజిని అదుపుచేసే రెగ్యులేటరు పోయింది. ఆల్టర్నేటర్ కాక డైనమో ఉన్న కార్లలో ఐడిల్‌లో కొంచెం మసకబారడం సహజం.

వేగం మారకపోయినా సన్నగా వణుకుతుంటే డయోడు (ఆల్టర్నేటర్‌లో ఏసీని డీసీగా మార్చే భాగం) పరీక్ష చేయండి. లైట్లు వేసి, ఇంజను నడుస్తుండగా బ్యాటరీ దగ్గర ఏసీ రేంజిలో 0.5 వోల్టు దాటితే డయోడు మీద గట్టి అనుమానం పెట్టుకోవచ్చు. చౌక మీటర్లు కొన్ని డీసీని కూడా ఏసీగా చూపిస్తాయి. ఇంజను ఆపి కొలిచినా పెద్ద అంకె వస్తే ఆ మీటరు ఈ పనికి రాదు.

ఎల్‌ఈడీ వేశాకే మొదలైతే

పాత హాలోజన్లు తిరిగి పెట్టి చూడండి. ఫిలమెంటు వేడి నిలుపుకుంటుంది కాబట్టి చిన్న ఒడిదొడుకులు దానిలో కనిపించవు. ఎల్‌ఈడీ వాటిని దాచలేదు. హాలోజన్‌తో నిలకడగా ఉన్నా, పైన చెప్పిన ఎర్త్, డయోడు పరీక్షలు చేయండి. అవి సరిగ్గా వస్తే తప్పు ఆ ఎల్‌ఈడీ డ్రైవరుది (దానికి కరెంటు అందించే చిన్న సర్క్యూట్‌ది).