రెండు లిపుల సావనీరుకు ఒకే పెట్టె: ఇన్‌డిజైన్‌లో ఆబ్జెక్ట్ స్టైల్స్

బరంపురం, పర్లాకిమిడి, గునుపురం, రాయగడ వైపు సావనీరు పని పట్టుకుంటే ప్రకటనలు రెండు లిపుల్లో వస్తాయి. ఒక కొట్టువాళ్లు తెలుగులో రాసిస్తారు, పక్క కొట్టువాళ్లు ఒడియాలో. 1936లో ఒడిశా ఏర్పడేదాకా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న ఊళ్లాయె, రెండు భాషలూ ఒకే పేజీలో ఉండటం ఇక్కడ మామూలే. చిక్కల్లా ఆ ప్రకటనల పెట్టెలతోనే. బోర్డర్ ఒకచోట 1 పాయింటు, ఇంకోచోట ముప్పావు. లోపలి ఖాళీ ఒకదాంట్లో 3 మి.మీ., ఇంకోదాంట్లో 2. దీనికి మందు, పేజీలు కట్టే సాఫ్ట్‌వేర్ ఇన్‌డిజైన్‌లోని ఆబ్జెక్ట్ స్టైల్, అంటే పెట్టె బోర్డర్, ఖాళీ, కొలత అన్నీ ఒక పేరు కింద దాచుకుని ఒక్క క్లిక్‌తో వేసే ఏర్పాటు. ఇది ఇన్‌డిజైన్‌లో సీఎస్2 వెర్షన్ నుంచీ ఉంది. దానికి ముందు వాడిన పేజ్‌మేకర్‌లో లేదు కాబట్టి, అందులో చెయ్యి తిరిగినవాళ్లు దీని జోలికి వెళ్లరు. వెళ్లాలి.

ముందు కొలత తేల్చుకోండి. ఏ4 పేజీకి నాలుగు వైపులా 12 మి.మీ. మార్జిన్ వదిలితే మిగిలేది 186 × 273. మధ్యలో 4 మి.మీ. సందు ఉంచితే పావు పేజీ ప్రకటన 91 × 134.5 మి.మీ. వస్తుంది. ఆ కొలతకు ఒక టెక్స్ట్ ఫ్రేమ్ గీసి, బోర్డర్ 1 పాయింటు పెట్టి, దాని స్ట్రోక్ (గీత) అలైన్‌మెంట్ ‘ఇన్‌సైడ్’కి మార్చండి. సెంటర్‌లో ఉంటే గీతలో సగం ఫ్రేమ్ అంచు దాటి బయటికొస్తుంది, పెట్టెల మధ్య సందు ఆ మేరకు తగ్గుతుంది. ఇన్‌సెట్ (బోర్డర్‌కీ అక్షరాలకీ మధ్య ఖాళీ) నాలుగు వైపులా 3 మి.మీ. పెట్టండి. కింద మాత్రం 4 ఉంటే మేలు, చివరి వరసలో వత్తు ఉన్న మాట పడితే బోర్డర్‌కి ఆనకుండా ఉంటుంది.

ఇప్పుడు కంట్రోల్+ఎఫ్7 నొక్కితే ఆబ్జెక్ట్ స్టైల్స్ ప్యానెల్ తెరుచుకుంటుంది. ఫ్రేమ్ సెలెక్ట్ అయి ఉండగా, ఆల్ట్ పట్టుకుని ప్యానెల్ అడుగున ఉన్న కొత్త స్టైల్ గుర్తును నొక్కండి. పేరు ‘పెట్టె-మూల’ అనుకుందాం, మిగతా పెట్టెలకు ఇదే మూలం. ‘అప్లై స్టైల్ టు సెలెక్షన్’ టిక్ చేయండి. ఎడమవైపు జాబితాలో సైజ్ అండ్ పొజిషన్ ఆన్ చేసి సైజు మాత్రం ఎత్తు, వెడల్పులకు పెట్టండి, పొజిషన్ వదిలేయండి. ఇది 2018 వెర్షన్‌లో వచ్చింది, అంతకు ముందువాటిలో కొలత చేత్తోనే వేయాలి. అక్షరాల ఫాంట్, సైజు చూసుకునే పేరాగ్రాఫ్ స్టైల్స్ వర్గాన్ని ఇక్కడ ముట్టుకోకండి.

ఎందుకంటే అది పిల్ల స్టైళ్ల పని. ‘పెట్టె-తెలుగు’, ‘పెట్టె-ఒడియా’ అని రెండు కొత్తవి చేసి, బేస్డ్ ఆన్ దగ్గర ‘పెట్టె-మూల’ ఎంచుకుని, ఒక్క పేరాగ్రాఫ్ స్టైల్ మాత్రం దేనిది దానికి ఇవ్వండి. రేపు బోర్డర్ మార్చాలంటే మూలలో ఒక్కచోట మారిస్తే రెండు లిపుల పెట్టెలూ మారతాయి. మూలలోనే తెలుగు పేరాగ్రాఫ్ స్టైల్ పెట్టి దాన్ని ఒడియా పెట్టెకి వేశారో, అను, ఆకృతి లాంటి పాత ఫాంట్ల మేటర్ అయితే అక్షరాలన్నీ గజిబిజి అవుతాయి. ఆ ఫాంట్లలో లిపి అంతా ఫాంట్‌లోనే ఉంటుంది, ఫాంట్ మారితే మేటర్ పోయినట్టే. యూనికోడ్ మేటర్ అయితే పేరాగ్రాఫ్ స్టైల్‌లో జస్టిఫికేషన్ కింద కంపోజర్‌ని (వరసలు పేర్చే పద్ధతిని) అడోబీ వరల్డ్-రెడీకి మార్చండి. లేకపోతే వత్తులు అక్షరం నుంచి విడిపోతాయి.

పక్కపక్క పెట్టెల్లో తెలుగు మొదటి వరస, ఒడియా మొదటి వరస ఎగుడుదిగుడుగా ఉండటం మీరు చూసే ఉంటారు. ఫస్ట్ బేస్‌లైన్ ఆఫ్‌సెట్ (పెట్టె పైనుంచి మొదటి వరస దిగే దూరం) ‘అసెంట్’ మీద ఉంటే అది ఫాంట్ ఎత్తును బట్టి పోతుంది, రెండు ఫాంట్ల ఎత్తూ ఒకటి కాదు. మూల స్టైల్‌లో బేస్‌లైన్ ఆప్షన్స్‌కి వెళ్లి ‘ఫిక్స్‌డ్’ ఎంచుకుని 7 మి.మీ. ఇవ్వండి. 14 పాయింట్ల అక్షరం, 20 పాయింట్ల లీడింగ్‌కి (వరసల మధ్య దూరానికి) అది సరిపోతుంది, ఎందుకంటే 20 పాయింట్లంటే దాదాపు 7 మి.మీ.

ఫొటో పెట్టెకి వేరే స్టైల్ చేయండి. ఫ్రేమ్ ఫిట్టింగ్‌లో ‘ఫిల్ ఫ్రేమ్ ప్రపోర్షనల్లీ’ పెట్టి, అలైన్ ఫ్రమ్‌లో పై వరస మధ్య చుక్క నొక్కండి. నడిమి చుక్క ఉంచితే నిలువు ఫొటోల్లో తలలు తెగుతాయి. దీనికి టెక్స్ట్ రాప్ (మేటర్‌ని ఫొటో చుట్టూ పక్కకి నెట్టే ఏర్పాటు) పెడితే ఫొటో మీద వేసిన పేరు మాయమై, దాని ఫ్రేమ్ అంచున ఎర్ర ప్లస్ కనిపిస్తుంది. ఆ పేరు ఫ్రేమ్ స్టైల్‌లో, టెక్స్ట్ ఫ్రేమ్ జనరల్ ఆప్షన్స్ కింద, ‘ఇగ్నోర్ టెక్స్ట్ రాప్’ టిక్ చేస్తే తిరిగొస్తుంది.

స్టైల్ పేరు పక్కన ప్లస్ ఉంటే ఆ పెట్టెలో ఎవరో చేత్తో ఏదో మార్చారని అర్థం. అడుగున ఉన్న క్లియర్ ఓవర్‌రైడ్స్ నొక్కితే పోతుంది. మెనూలోని ‘రీడిఫైన్ స్టైల్’ మాత్రం చూసి నొక్కండి. తెలుగు పెట్టెలో బోర్డర్ 2 పాయింట్లు చేసి అది నొక్కితే మార్పు ‘పెట్టె-తెలుగు’లో నిలిచిపోతుంది. తర్వాత మూలలో బోర్డర్ మార్చినా తెలుగు పెట్టెలు కదలవు, ఒడియావి మాత్రమే మారతాయి. ఇలా జరిగితే ‘పెట్టె-తెలుగు’ తెరిచి, జనరల్‌లో ‘రీసెట్ టు బేస్’ నొక్కి, పేరాగ్రాఫ్ స్టైల్ మళ్లీ ఎంచుకోండి.

ఇంకొకటి: టైప్ టూల్ పట్టుకుని, ఏదీ సెలెక్ట్ కాకుండా స్టైల్ పేరు మీద క్లిక్ పడితే, అప్పటి నుంచి గీసే ప్రతి టెక్స్ట్ ఫ్రేమూ ఆ బోర్డర్‌తోనే పుడుతుంది. కంట్రోల్+షిఫ్ట్+ఏ తో అన్నీ వదిలించి, అదే టూల్‌తో ‘బేసిక్ టెక్స్ట్ ఫ్రేమ్’ మీద ఒకసారి క్లిక్ చేయండి. వచ్చే ఏడు సావనీరుకు ఇదంతా మళ్లీ చేయక్కర్లేదు. కొత్త ఫైల్ తెరిచి, ప్యానెల్ మెనూలో ‘లోడ్ ఆబ్జెక్ట్ స్టైల్స్’ అని పాత ఫైల్ చూపిస్తే చాలు.