కాంటూర్ గీతల్లో కొండను చూడటం ఇలా నేర్చుకున్నాను

సముద్రమట్టం నుంచి ఒకే ఎత్తులో ఉన్న చోట్లను కలిపే గీత సమోన్నత రేఖ, అంటే కాంటూర్. ఈ నిర్వచనం నాకు స్కూల్లోనే కంఠతా వచ్చు. అయినా ఒక ట్రెక్‌లో, మ్యాప్ చూసి కొండ వెన్ను అనుకుని పట్టిన దారి నన్ను బండరాళ్లు నిండిన వాగులోకి దింపింది. మ్యాప్ సరిగ్గానే ఉంది. గీతల వంపు ఎటు తిరిగిందో నేను చూసుకోలేదు. ఆ తర్వాత రోజూ రాత్రి అరగంట చొప్పున, పైసా ఖర్చు లేకుండా నేర్చుకున్న పద్ధతి ఇది.

బ్రౌజర్‌లో కాంటూర్ గీతలు చూపించే మ్యాప్ ఓపెన్‌టోపోమ్యాప్ తెరవండి. అకౌంట్ అక్కర్లేదు. పక్కనే నేలను త్రీడీలో చూపించే గూగుల్ ఎర్త్ ప్రో పెట్టుకోండి, అది 2015 నుంచి ఉచితం. ముందు గీతలు చూసి నేల ఎలా ఉంటుందో కాగితం మీద బొమ్మ వేయండి. త్రీడీ ఆ తర్వాతే చూడాలి. దీన్ని మాత్రం గట్టిగా పాటించండి. ముందే త్రీడీ చూసేస్తే అంతా తెలిసినట్టే ఉంటుంది, మర్నాడు కొత్త మ్యాప్ తెరిస్తే మళ్లీ మొదటికే వస్తాం.

మొదటి కొండగా జపాన్‌లోని ఫుజిని తీసుకోండి. ఎత్తు 3,776 మీటర్లు, ఆకారం దాదాపు శంకువు. అందుకే గీతలు ఒకదాంట్లో ఒకటి ఇమిడిన ఉంగరాల్లా ఉంటాయి. అడుగున ఎడంగా మొదలై, పైకి పోయేకొద్దీ దగ్గరపడతాయి. ఎంత దగ్గరైతే అంత నిటారు. శిఖరం మీద ఇంకా లోపలికి చూస్తే మరికొన్ని ఉంగరాలుంటాయి. అవి ఎత్తు కాదు, అగ్నిపర్వత బిలంలోకి దిగే లోతు. ఆగ్నేయం వైపు ఉంగరాలు ఒక్కసారిగా లోపలికి నొక్కుకుపోతాయి. 1707 నాటి హోయెయ్ విస్ఫోటం మిగిల్చిన గొయ్యి అది. త్రీడీ తెరవకముందే దాన్ని గీతల్లో పట్టుకున్న రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఇప్పుడు వాలు లెక్క. పక్కపక్క గీతల మధ్య ఎత్తు తేడా 20 మీటర్లనుకోండి. అలాంటివి ఐదు అంతరాలు దాటితే 100 మీటర్లు ఎక్కినట్టు. మ్యాప్ మీద ఆ దూరం 500 మీటర్లైతే వాలు 20 శాతం, అంటే సుమారు 11 డిగ్రీలు. జూమ్ మారితే గీతల మధ్య తేడా కూడా మారవచ్చు, కాబట్టి గీతల మీది అంకెలు ప్రతిసారీ చదవండి. సరిచూడటానికి గూగుల్ ఎర్త్ ప్రోలో యాడ్ పాత్‌తో గీత గీసి సేవ్ చేయండి. ఎడమ పక్క జాబితాలో దాని మీద రైట్ క్లిక్ చేస్తే షో ఎలివేషన్ ప్రొఫైల్ వస్తుంది. ఆ గ్రాఫ్‌లో ఎత్తు సాగదీసి కనిపిస్తుంది. ఆకారం చూసి భయపడకుండా అంకెలనే నమ్మండి.

నన్ను వాగులో దింపిన విషయానికి వస్తాను. లోయ దగ్గరా, కొండ వెన్ను దగ్గరా గీతలు ఒకేలా కోసుగా వంగుతాయి. కోసు ఎత్తు పెరిగే వైపు చూస్తుంటే అది లోయ, తగ్గే వైపు చూస్తుంటే వెన్ను. అంకెలు చదవకుండా వంపు మాత్రమే చూస్తే ఎవరైనా పొరబడతారు. రెండు శిఖరాల మధ్య గీతలు నడుము సన్నబడ్డట్టు కనిపిస్తే అది కనుమ. కొండ దాటే దారులు ఎక్కువగా అక్కడినుంచే పోతాయి.

శాటిలైట్ ఫొటోతో సరిచూసేటప్పుడు కొన్నిసార్లు లోయ గట్టులా ఉబికి కనిపిస్తుంది. మన కన్ను వెలుగు పైనుంచి పడుతుందనుకుంటుంది. ఉత్తరార్ధగోళంలో చాలా ఫొటోల్లో ఎండ దక్షిణం నుంచి, అంటే తెర కింది వైపు నుంచి పడుతుంది. ఫొటోను తలకిందులుగా తిప్పండి, సర్దుకుంటుంది.

ఈ గీతలు ఎక్కడినుంచి వచ్చాయో కూడా తెలియాలి. 2000 ఫిబ్రవరిలో ఎండెవర్ అంతరిక్ష నౌక 11 రోజులపాటు రాడార్‌తో భూమిని కొలిచింది. ఆ డేటాలో ఇప్పుడు ఉచితంగా దొరికేది సుమారు 30 మీటర్ల గళ్లలో ఉంటుంది. గడి కన్నా ఇరుకైన చీలిక అందులో కనిపించకపోవచ్చు. దట్టమైన అడవిలో చెట్ల ఎత్తు కూడా నేల ఎత్తులో కలిసిపోతుంది. ప్రాణం మీదికొచ్చే చోట ఒక్క ఈ మ్యాప్‌నే నమ్ముకోవద్దు.

చేయి తిరిగాక మ్యాపులు తయారుచేసే సాఫ్ట్‌వేర్ క్యూజిస్ (QGIS) ఇన్‌స్టాల్ చేసుకోండి, అదీ ఉచితమే. పైన చెప్పిన రాడార్ డేటా ఎత్తుల ఫైల్ లోడ్ చేసి, రాస్టర్ మెనూలో ఎక్స్‌ట్రాక్షన్, అందులో కాంటూర్ నొక్కి, అంతరం 20 అని ఇవ్వండి. పేర్లు, దారులు, వాగులు చూపే నీలి గీతలు ఏవీ లేని ఉత్త కాంటూర్లు వస్తాయి. వాటి మీద వాగులు ఎక్కడ పారతాయో మీరే పెన్సిల్‌తో గీయండి. తర్వాత ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ లేయర్ ఆన్ చేసి పోల్చుకోండి. నేను మొదటిసారి గీసిన తొమ్మిది వాగుల్లో ఆరు సరిపోయాయి. మిగతా మూడు చోట్ల మళ్లీ అంకెలు చదివాను.