పిల్లల ట్యూషన్, పెద్దవాళ్ళ భోజనాలు నడిపే సంఘాలకి వాలంటీర్ల పోలీస్ వెరిఫికేషన్: విజయవాడ, గుంటూరు వాళ్ళు దరఖాస్తు ఎట్టా పెట్టుకోవాలి

మాది విజయవాడ సింగ్ నగర్ అండి. 2024 సెప్టెంబర్ 1న బుడమేరు నీళ్ళు ఇళ్ళల్లోకి వచ్చి పిల్లల పుస్తకాలు, బ్యాగులు అన్నీ బురదపాలయ్యాక మా వీధిలో నలుగురం కలిసి ఒక హాల్లో సాయంత్రం ట్యూషన్ మొదలుపెట్టాం, తర్వాత ఒంటరిగా ఉండే ముసలివాళ్ళకి మధ్యాహ్నం క్యారేజీ ఇవ్వడం కూడా కలుపుకున్నాం. అప్పట్లో సాయం చేస్తానని ఎవరొచ్చినా రమ్మన్నాం. పేరు, ఫోన్ నంబర్ తప్ప ఇంకేం అడగలా. కొన్నాళ్ళకి ఒకతను ఆడపిల్లల్ని ఒక్కొక్కళ్ళనే పక్కకి పిలిచి ఫోటోలు తీస్తున్నాడని ఒక పాప ఇంటికెళ్ళి వాళ్ళమ్మకి చెప్పింది. మేము గట్టిగా అడిగిన మర్నాటి నుంచి మనిషి లేడు, ఫోన్ స్విచాఫ్. స్టేషన్‌కి వెళ్తే వాళ్ళు అడిగిన మొదటి రెండు ప్రశ్నలు అతని ఫోటో ఉందా, అడ్రస్ ఏంటి అని. మా దగ్గర రెండూ లేవు. ఆ పాప తల్లి నా మొహం చూసిన చూపు నాకు ఇప్పటికీ గుర్తే.

అందుకే ఇది రాస్తున్నా. మన దగ్గర అపార్ట్‌మెంట్ సంఘాలు, గుడి కమిటీలు, చర్చి సండే స్కూళ్ళు, మదర్సాలు, కరాటే క్లాసులు, ముసలివాళ్ళకి భోజనం పెట్టే చిన్న చిన్న ట్రస్టులు చాలా ఉన్నాయి, అందరూ మంచి మనసుతోనే నడుపుతారు కానీ వచ్చే మనిషి ఎవరో కాగితం మీద చూసుకోరు. పిల్లల మీద లైంగిక నేరాలకి పోక్సో అనే చట్టం ఉంది, దాని కింద 2020లో వచ్చిన రూల్స్ ప్రకారం పిల్లల్ని ఉంచే, లేదా పిల్లలతో రెగ్యులర్‌గా పని ఉండే ఏ సంస్థ అయినా స్టాఫ్ అందరికీ పోలీస్ వెరిఫికేషన్ చేయించాలి, అది కూడా ఒక్కసారితో సరిపోదు, మధ్యమధ్యలో మళ్ళీ చేయించాలి. టీచింగ్, నాన్ టీచింగ్, పర్మనెంట్, కాంట్రాక్ట్ అందరూ వస్తారు. వాలంటీర్లు జీతం తీసుకోరు కదా అని కొంతమంది అంటారు, కానీ పిల్ల పక్కన కూర్చునే మనిషికి జీతం ఉందా లేదా అన్నది ఆ పిల్లకి తేడా ఏమీ కాదు. మేము వాలంటీర్లకి కూడా చేయిస్తున్నాం.

ముందు ఏ కాగితం కావాలో తెలుసుకోండి, ఇక్కడే చాలామంది తిరుగుళ్ళు పడతారు. పాస్‌పోర్ట్ సేవా కేంద్రంలో ఇచ్చే క్లియరెన్స్ సర్టిఫికెట్ విదేశాలకి ఉద్యోగానికో, వీసాకో వెళ్ళేవాళ్ళకి. మనకి అది పనికిరాదు, దాని కోసం స్లాట్ బుక్ చేసి డబ్బు కట్టొద్దు. మనకి కావాల్సింది ఫలానా మనిషి ఈ అడ్రస్‌లో ఉంటున్నాడు, మా రికార్డుల్లో ఇతని మీద కేసులు ఉన్నాయా లేవా అని పోలీసులు విచారించి చెప్పే వెరిఫికేషన్. ఆన్‌లైన్‌లో మనమే వెతుక్కుంటే పోదా అని మా కమిటీలో ఒకరు అడిగారు. లైంగిక నేరాలు చేసినవాళ్ళ జాతీయ డేటాబేస్ 2018 నుంచి ఉంది గానీ దాన్ని పోలీసు శాఖల వాళ్ళే చూడగలరు, మామూలు జనానికి కనపడదు. కాబట్టి స్టేషన్ ద్వారానే వెళ్ళాలి.

ఏ స్టేషన్ అన్నది రెండో చిక్కు. సంఘం ఉన్న ఏరియా స్టేషన్ కాదు, ఆ వాలంటీర్ నివాసం ఉన్న ఏరియా స్టేషన్. మా హాలు సింగ్ నగర్‌లో ఉన్నా పటమటలో ఉండే అమ్మాయి దరఖాస్తు పటమట స్టేషన్‌కే వెళ్తుంది. బ్యారేజీ దాటి తాడేపల్లి నుంచి వచ్చేవాళ్ళుంటే అది గుంటూరు జిల్లా ఎస్పీ పరిధి, విజయవాడ కమిషనరేట్ వాళ్ళు చేయరు. గుంటూరులో నడిపే సంఘాలకి కూడా ఇదే లెక్క, నరసరావుపేట నుంచి వచ్చే మనిషి 2022 ఏప్రిల్ నుంచి పల్నాడు జిల్లా కిందకి వస్తాడు. ఇక హాస్టళ్ళలో ఉండి చదువుకునే పిల్లలు శని ఆదివారాలు వాలంటీర్లుగా వస్తుంటారు, వాళ్ళు ఇక్కడకొచ్చి ఏడాది కూడా అయ్యుండదు, వాళ్ళ గురించి ఇక్కడి స్టేషన్‌కి ఏం తెలుస్తుంది? వాళ్ళకి సొంతూరి స్టేషన్ నుంచి కూడా తెప్పించుకోవాలి. హైదరాబాద్‌లో కొన్నేళ్ళు ఉండి వచ్చినవాళ్ళకి అక్కడిది కూడా అడగండి. పని పెరుగుతుంది, నిజమే, కానీ ఒక ఊళ్ళో తప్పు చేసి ఇంకో ఊరికి వచ్చేవాడిని పట్టుకునేది ఈ దగ్గరే.

దరఖాస్తు సంఘం లెటర్‌హెడ్ మీద, ఆ స్టేషన్ హౌస్ ఆఫీసర్ గారి పేరున రాయాలి. సంఘం రిజిస్ట్రేషన్ నంబర్ వేయండి, మన రాష్ట్రంలో సొసైటీలు 2001 చట్టం కింద రిజిస్టర్ అవుతాయి, ఆ సర్టిఫికెట్ జిరాక్స్ ఒకటి జతచేయండి. మీరు చేసే పని ఏంటి, ఏ వయసు పిల్లలు, ఏ రోజుల్లో, ఎన్ని గంటల నుంచి ఎన్ని గంటల దాకా అని రెండు లైన్లలో రాయండి, ఎందుకంటే అది చదివితేనే ఎస్‌ఐ గారికి ఇది ఎందుకు అర్జెంటో అర్థమవుతుంది. తర్వాత వాలంటీర్ పూర్తి పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ, ఇప్పుడుంటున్న అడ్రస్, శాశ్వత అడ్రస్, గత ఐదేళ్ళలో ఉన్న మిగతా అడ్రస్‌లు, చేసే పని, ఫోన్ నంబర్. రెండు పాస్‌పోర్ట్ సైజు ఫోటోలు, ఒకటి స్టేషన్‌కి, ఒకటి మన ఫైలుకి. గుర్తింపు కార్డు కాపీ. ఆధార్ అయితే మొదటి ఎనిమిది అంకెలు కనపడని మాస్క్‌డ్ ఆధార్ డౌన్‌లోడ్ చేసుకుని మన ఫైల్లో అదే పెట్టుకోండి, అందరి ఆధార్ జిరాక్సులు హాల్లో బీరువాలో పడేసి ఉంచడం ఇంకో ప్రమాదం.

వీటితో పాటు రెండు కాగితాలు తప్పనిసరిగా పెట్టండి. ఒకటి, నా గురించి విచారించుకోవడానికి నాకు అభ్యంతరం లేదు అని వాలంటీర్ సంతకం చేసిన సమ్మతి. రెండు, నా మీద ఏ క్రిమినల్ కేసూ లేదు, ఉంటే ఫలానాది అని సొంత డిక్లరేషన్. ఈ రెండో కాగితం ఇవ్వమనగానే వెనక్కి తగ్గిన మనుషులు మా దగ్గర ఇద్దరున్నారు. ఎందుకు తగ్గారో నేను అడగలేదు.

రెండు కాపీలు తీసుకెళ్ళండి. ఒకటి ఇచ్చి రెండోదాని మీద స్టేషన్ సీలు, తేదీ, సంతకం వేయించుకోండి. ఏపీ పోలీస్ వెబ్‌సైట్‌లో పెట్టుకున్నా చివరికి ఎంక్వైరీ చేసేది ఆ ఏరియా స్టేషన్ వాళ్ళే కాబట్టి అప్లికేషన్ నంబర్ రాసుకుని స్టేషన్‌లో కూడా ఒకసారి చెప్పండి. తర్వాత కానిస్టేబుల్ ఇంటికొచ్చి అడ్రస్ చూస్తారు, పక్కింటివాళ్ళని అడుగుతారు, ఈ విషయం వాలంటీర్‌కి ముందే చెప్పి ఉంచండి, లేకపోతే పోలీసు ఇంటికొచ్చాడని వాళ్ళ ఇంట్లో కంగారు పడతారు. ఫీజు ఏదైనా ఉంటే రసీదు మీదే కట్టండి, రసీదు లేకుండా ఎవరికీ పైసా ఇవ్వొద్దు. నెల దాటినా కదలకపోతే సీలు వేసిన కాపీ పట్టుకుని ఏసీపీ గారినో, గుంటూరు వైపు అయితే డీఎస్పీ గారినో కలవండి, సోమవారం గ్రీవెన్స్‌లో కూడా అర్జీ ఇవ్వచ్చు.

వెరిఫికేషన్ వచ్చేదాకా ఆ మనిషిని పిల్లల దగ్గర ఒంటరిగా ఉంచొద్దు. బియ్యం మూటలు సర్దడం, లెక్కలు రాయడం లాంటివి చేయమనండి, నిజంగా సేవ చేద్దామని వచ్చినవాళ్ళు ఆ పని కూడా సంతోషంగానే చేస్తారు.

అనుమానిస్తున్నారా అని బాధపడేవాళ్ళు ఉంటారు. మా దగ్గరకి లెక్కలు చెప్పడానికి ఒక రిటైర్డ్ మాష్టారు వచ్చారు, ముప్ఫై ఏళ్ళు పాఠం చెప్పిన మనిషిని పట్టుకుని స్టేషన్ కాగితం అడుగుతారా అన్నారు. నేను ఫైలు తెరిచి మొదటి పేజీ చూపించా. నాదే. రెండోది ప్రెసిడెంట్ గారిది, మూడోది వంట చేసే అక్కది. "మీరంటే అనుమానం కాదు మాష్టారూ, రేపు ఇంకొకడు వచ్చి మాష్టారిని అడగలేదుగా నన్నెందుకు అడుగుతున్నారు అంటే నా దగ్గర జవాబు ఉండాలి" అన్నాను. కాసేపు ఏం మాట్లాడలా, తర్వాత పెన్ను అడిగి సంతకం పెట్టారు. ఒక్కళ్ళకి మినహాయింపు ఇచ్చారంటే ఇక ఆ రూలు లేనట్టే.

కాగితం వచ్చిందని ఊరుకోకూడదు. ఎప్పుడూ ఎవరూ కంప్లైంట్ ఇవ్వని మనిషికి రికార్డు క్లీన్‌గానే వస్తుంది. అందుకని మా హాల్లో పిల్లలున్నంతసేపూ ఇద్దరు పెద్దవాళ్ళు ఉండాలి, తలుపు మూయకూడదు, వాలంటీర్ సొంత ఫోన్‌లో పిల్లల ఫోటోలు తీయకూడదు, పిల్లలతో విడిగా వాట్సాప్ చాటింగ్ లేదు, ఎవర్నీ ఒంటరిగా బండి మీద ఎక్కించుకుని దింపి రాకూడదు. ఇవి గోడ మీద పెద్దక్షరాలతో రాసిపెట్టాం, పిల్లలు చదివేంత ఎత్తులో.

ఒకవేళ ఏదన్నా జరిగిందని తెలిస్తే, పెద్దమనుషుల్లో పెట్టి సర్దుబాటు చేద్దాం, సంఘం పరువు పోతుంది, పిల్ల భవిష్యత్తు అంటూ ఎవరో ఒకరు వస్తారు. వినొద్దు. పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం తెలిసిన ప్రతి మనిషీ పోలీసులకి చెప్పాల్సిందే, చెప్పకపోతే ఆరు నెలల దాకా జైలు, సంస్థ నడిపేవాళ్ళు తమ కింద పనిచేసేవాడి నేరాన్ని దాచిపెడితే ఏడాది దాకా. మంచి ఉద్దేశంతో చెప్పినవాళ్ళకి చట్టం రక్షణ ఇస్తుంది. పిల్లల హెల్ప్‌లైన్ 1098కి గానీ, ఎమర్జెన్సీ నంబర్ 112కి గానీ ఫోన్ చేయండి. పిల్లని కూర్చోబెట్టి పదిమంది పదిసార్లు అడగొద్దు, చెప్పింది చెప్పినట్టు రాసిపెట్టుకుని ఆపేయండి. స్టేట్‌మెంట్ పిల్ల ఇంట్లోనో పిల్లకి నచ్చిన చోటో తీసుకోవాలి, సాధ్యమైనంత వరకు మహిళా ఎస్‌ఐ ఉండాలి, యూనిఫాంలో రాకూడదు, ఇవన్నీ చట్టంలోనే ఉన్నాయి, మర్యాదగా అడగండి. పిల్ల పేరు, ఫోటో, స్కూలు ఏవీ గ్రూపుల్లో పెట్టొద్దు, అది కూడా నేరమే.

తల్లిదండ్రులు లేని, చూసేవాళ్ళు లేని పిల్లల్ని మీ దగ్గరే ఉంచుకుని పెంచుతుంటే ఈ వెరిఫికేషన్ ఒక్కటే చాలదు. 2015 జువెనైల్ జస్టిస్ చట్టం 41వ సెక్షన్ కింద రిజిస్ట్రేషన్ ఉండాలి, ఫారం 27లో దరఖాస్తు, బైలాలు, కార్యవర్గం లిస్టు, మూడేళ్ళ బ్యాలెన్స్ షీట్లు, ఎవరి మీదా పిల్లల్ని హింసించిన కేసులు లేవన్న డిక్లరేషన్ జతచేయాలి. రిజిస్ట్రేషన్ లేకుండా నడిపితే ఏడాది దాకా జైలు లేదా లక్షకి తగ్గని జరిమానా, లేదా రెండూ. జిల్లా బాలల సంరక్షణ విభాగం వాళ్ళని కలిస్తే దారి చూపిస్తారు. సాయంత్రం చదువు చెప్పి ఇళ్ళకి పంపేసేవాళ్ళకి ఇది అక్కర్లేదు.

పెద్దవాళ్ళ విషయంలో దెబ్బ ఎక్కువగా డబ్బు దగ్గర పడుతుంది. ఒకటో తారీఖు పెన్షన్ నాలుగు వేలు చేతికి రాగానే ఎవరో ఒకరు మందులు తెస్తానని తీసుకుంటారు. క్యారేజీ ఇచ్చే వాలంటీర్ ఏటీఎం కార్డు, పిన్, పాస్‌బుక్ ముట్టుకోకూడదు, వేలిముద్ర వేయించే పనికి తోడు వెళ్ళకూడదు, ఏ కాగితం మీదా సాక్షి సంతకం పెట్టకూడదు అని మా రూలు, వెరిఫికేషన్ ఫారంతో పాటే దీని మీద కూడా సంతకం తీసుకుంటాం. కన్న పిల్లలే తిండి పెట్టకపోతుంటే తల్లిదండ్రులు, పెద్దవాళ్ళ పోషణ కోసం వచ్చిన 2007 చట్టం కింద ఆర్డీఓ గారి దగ్గర ట్రిబ్యునల్‌లో దరఖాస్తు పెట్టొచ్చు, ఆ పెద్దాయన రాలేని స్థితిలో ఉంటే ఆయన అనుమతితో మన సంఘమే పెట్టొచ్చు. వికలాంగుల్ని ఎవరన్నా హింసిస్తున్నారని అనుమానం వస్తే 2016 వికలాంగుల హక్కుల చట్టం 7వ సెక్షన్ కింద ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేట్‌కి ఎవరైనా చెప్పొచ్చు. పెద్దవాళ్ళ హెల్ప్‌లైన్ 14567, ఆ నంబర్‌ని క్యారేజీ మూత మీదే స్టిక్కర్ వేసి పంపుతున్నాం.

సమ్మతి లేఖ మేము వాడేది ఇదీ, కాపీ చేసుకోండి:

"నేను, (పేరు), (తండ్రి పేరు) కుమారుడు/కుమార్తె, (అడ్రస్)లో ఉంటున్నాను. (సంఘం పేరు)లో పిల్లలతో, పెద్దవాళ్ళతో పనిచేయడానికి దరఖాస్తు చేసుకున్నాను. నా గురించి పోలీసు విచారణ చేయించడానికి పూర్తిగా ఒప్పుకుంటున్నాను. వెరిఫికేషన్ వచ్చేవరకు పిల్లల దగ్గర ఒంటరిగా ఉండను. ఇకముందు నా మీద ఏదైనా కేసు నమోదైతే ఆ రోజే సంఘానికి తెలియజేస్తాను. తేదీ, సంతకం, ఇద్దరు సాక్షులు."