మీ మెయిళ్ళు స్పామ్ అని తిరిగొస్తున్నాయా? పోయిన పేరు మళ్ళీ తెచ్చుకోవడం ఎలా?

తొలకరి పడిందంటే కడియపులంక నర్సరీల్లో ఎవరికీ ఊపిరి సలపదు. సరిగ్గా ఆ రోజుల్లోనే మా బావ ఫోన్ చేశారు. "ఒరేయ్, పూణే వాళ్ళకి కొటేషన్ పంపితే తిరుగుటపాలో వచ్చేసిందిరా. నిన్న హైదరాబాద్ వాళ్ళదీ అంతే. నాలుగుసార్లు పంపాను, పోవట్లేదు."

"ముందు పంపడం ఆపండి బావా" అన్నాను.

మీరూ మొదట చేయాల్సింది ఇదే. స్పామ్ అని వెనక్కి కొట్టిన మెయిల్‌ను మళ్ళీ మళ్ళీ పంపితే అవతలి సర్వర్ దగ్గర మన పేరు ఇంకా చెడుతుంది. టెన్షన్‌లో కొత్త డొమైన్ (మెయిల్ అడ్రసులో @ తర్వాత ఉండే పేరు) కొని దాంతో పంపడం కూడా చేయకండి. కొత్త పేరు మీద నమ్మకం అసలే ఉండదు, దానికి తోడు పాత తప్పులన్నీ దాంట్లోకి వెళ్తాయి. అత్యవసరమైన కొటేషన్లు ఈ కొద్దిరోజులూ వాట్సాప్‌లో పంపండి.

ఆపాక, మీ పేరుతో వేరేవాళ్ళు ఎవరైనా పంపుతున్నారేమో చూడండి. సెంట్ ఫోల్డర్లో మీరు రాయని మెయిళ్ళు ఉన్నా, వెబ్‌సైట్‌లోని కాంటాక్ట్ ఫారం నుంచి చెత్త బయటికి పోతున్నా ముందు పాస్‌వర్డ్ మార్చండి, రెండంచెల లాగిన్ పెట్టండి, ఫారం మూసేయండి. ఇది తేలకుండా మిగతావి చేసి లాభం లేదు.

తిరిగొచ్చిన మెయిల్ చదవండి

చాలామంది దాన్ని తెరిచిన వెంటనే మూసేస్తారు. జబ్బు పేరు అందులోనే ఉంటుంది. బావ ఫోన్లో నేను చూసినవి మూడు రకాలు. కొన్నింట్లో 550 5.1.1 అని ఉంది, అంటే ఆ అడ్రసే లేదు. కొన్ని జీమెయిల్ అడ్రసుల నుంచి 550 5.7.26, అంటే పంపింది మీరేనని రుజువు లేదు. మిగతావాటిలో 550 5.7.1, పక్కనే ఇది అడగని మెయిల్‌లా ఉందన్న మాట. అంకె 4తో మొదలైతే, ఉదాహరణకి 421, అది ఇప్పటికి వద్దు అనడం. 5తో మొదలైతే పూర్తిగా వద్దన్నట్టు. ఏ అంకె ఎన్నిసార్లు వచ్చిందో కాగితం మీద రాసుకోండి. మావాటిలో సగానికి పైగా 5.1.1. అది చూడగానే తప్పు లిస్టులో ఉందని అర్థమైంది.

రుజువులు సరిచేయండి

అవతలి సర్వర్ మూడు రుజువులు చూస్తుంది. మీ డొమైన్ పేరుతో మెయిల్ పంపే హక్కు ఏ సర్వర్లకు ఉందో చెప్పేది ఎస్‌పీఎఫ్. దారిలో ఎవరూ మార్చలేదని మెయిల్ మీద వేసే సీలు డీకిమ్. ఫ్రమ్ దగ్గర కనిపించే డొమైన్ ఈ రెండింటిలో ఒకదానితోనైనా కలుస్తోందా, కలవకపోతే ఏం చేయాలి అని చెప్పేది డీమార్క్. మూడూ మామూలుగా డొమైన్ కొన్నచోట డీఎన్ఎస్ (ఆ డొమైన్ వివరాలు మిగతా సర్వర్లకు చెప్పే పట్టిక) సెట్టింగుల్లో ఉంటాయి.

కంప్యూటర్లో మీ డొమైన్ అడ్రసు నుంచి మీ జీమెయిల్‌కి మీరే ఒక మెయిల్ పంపుకుని, దాన్ని తెరిచి, మూడు చుక్కలు నొక్కి షో ఒరిజినల్ అనండి. మూడింటి పక్కన పాస్ అని కనిపించాలి. మాకు ఎస్‌పీఎఫ్ దగ్గరే ఆగిపోయింది. డీఎన్ఎస్ తెరిస్తే ఎస్‌పీఎఫ్ వరుసలు రెండున్నాయి. పాత హోస్టింగ్ వాళ్ళది ఒకటి, మెయిల్ మార్చినప్పుడు ఎవరో చేర్చింది ఇంకొకటి. ఒక డొమైన్‌కి ఎస్‌పీఎఫ్ ఒకటే ఉండాలి. రెండుంటే రెండూ చెల్లవు. కొత్తది చేరిస్తే పని అయిపోయిందనుకుంటాం, పాతది తీసేయాలని గుర్తుండదు. రెండింటినీ కలిపి ఒకే వరుసగా రాశాం. ఆ వరుస చదవడానికి సర్వర్ వేరే పేర్లు వెతకాల్సి వస్తే, ఆ వెతుకులాటలు పదికి మించకూడదని గుర్తుంచుకోండి.

డీమార్క్‌ను మొదట నన్ (ఏమీ చేయొద్దు, రిపోర్టు మాత్రం పంపు) అనే మెట్టులోనే పెట్టండి. రిపోర్టులు కొన్ని వారాలు చూసి, మీ అసలు మెయిళ్ళన్నీ పాస్ అవుతున్నాయని తేలాకే క్వారంటైన్‌కి (స్పామ్‌లో పడేయి), ఆ తర్వాత రిజెక్ట్‌కి (వెనక్కి కొట్టు) వెళ్ళండి. తొందరపడితే మీ సొంత మెయిళ్ళే ఆగిపోతాయి.

లిస్టు కడగండి

అన్నిటికంటే ముఖ్యమైన పని ఇదే. కానీ అందరూ దీన్ని దాటేస్తారు. అంతకు నెల ముందు బావ దగ్గరికి ఎవరో వచ్చి ల్యాండ్‌స్కేపింగ్ కాంట్రాక్టర్ల మెయిళ్ళంటూ పెద్ద లిస్టు అమ్మారు. ధరల పట్టిక అందరికీ ఒకేరోజు వెళ్ళిపోయింది. సగం అడ్రసులు ఎప్పుడో మూతపడ్డవి. మిగతావాళ్ళు బావ ఎవరో తెలియక స్పామ్ బటన్ నొక్కారు. సెట్టింగులు ఎంత బాగున్నా జనం ఆ బటన్ నొక్కుతుంటే ఏ సర్వరూ మన మాట వినదు.

కొన్న లిస్టు మొత్తం తీసేయండి. కొంత ఉంచుదామని బేరమాడకండి. 5.1.1 వచ్చినవన్నీ తీసేయండి. ఏడాదిగా ఒక్క జవాబూ ఇవ్వనివాళ్ళను పక్కన పెట్టండి. ప్రతి ప్రచార మెయిల్‌లో అన్‌సబ్‌స్క్రైబ్ కనపడేలా పెట్టి, వద్దన్నవాళ్ళను రెండు రోజుల్లోపే తీసేయండి. జీమెయిల్‌కి రోజుకి 5,000కి పైగా పంపేవాళ్ళు ఒక్క నొక్కుతో తప్పుకునే వీలు ఇవ్వాలని, మూడు రుజువులూ ఉండాలని గూగుల్ 2024లో నిబంధన తెచ్చింది. మీరు అంత పంపకపోయినా పాటించండి.

ఈలోగా మీ ఐపీ (మెయిల్ పంపే సర్వర్ నంబరు), డొమైన్ స్పామ్‌హాస్ లాంటి బ్లాక్‌లిస్టుల్లో (స్పామ్ పంపేవాళ్ళ జాబితాల్లో) ఉన్నాయేమో వాళ్ళ సైట్లోనే చూసుకోండి. కారణం సరిచేశాకే తీసేయమని అడగండి. దీనికి స్పామ్‌హాస్ రూపాయి తీసుకోదు. డబ్బిస్తే పేరు తీయిస్తామనేవాళ్ళను నమ్మకండి.

మళ్ళీ మొదలుపెట్టడం

వేసవిలో కాలువలు కట్టేసి మరమ్మతులు చేశాక, ధవళేశ్వరం దగ్గర నీళ్ళు వదిలేటప్పుడు ఒక్కరోజే నిండుగా వదలరు, పెంచుకుంటూ పోతారు. మెయిళ్ళదీ అదే పద్ధతి. మేము మొదటి మూడు రోజులు ఇరవైమందికే పంపాం. అందరూ పాత ఖాతాదారులే. ముందే ఫోన్ చేసి చెప్పాం: "అండీ, మా మెయిల్ స్పామ్‌లో పడితే తీసి, స్పామ్ కాదని నొక్కండి. ఒక్క ముక్క జవాబివ్వండి చాలు." ఆ తర్వాత నలభై, ఎనభై. 421 వచ్చిన రోజు అక్కడితో ఆపేశాం. బరువైన ఫొటోల ఫైలు మానేసి ధరలు మెయిల్‌లోనే రాశాం.

మీ మెయిళ్ళను జీమెయిల్ వాళ్ళు ఎంతమంది స్పామ్ అన్నారో చూపించే గూగుల్ పోస్ట్‌మాస్టర్ టూల్స్‌లో డొమైన్ నమోదు చేసుకోండి, ఉచితమే. స్పామ్ రేటు 0.1 శాతం లోపు ఉండాలి, అంటే వెయ్యికి ఒక్క ఫిర్యాదు కంటే తక్కువ. 0.3 శాతానికి ఎప్పుడూ చేరకూడదు. పంపేది తక్కువైతే అక్కడ లెక్కలు కనపడవు. అప్పుడు వచ్చే జవాబులూ, తిరుగుటపాలే మీ కొలత.

మాకు ఆరు వారాలు పట్టింది. ఇప్పుడు మొక్కల ప్రదర్శనకు వెళ్తే బావ ప్రతి విజిటింగ్ కార్డు వెనకా పెన్నుతో మెయిల్ పంపమన్నారు అనో, వద్దన్నారు అనో అక్కడే రాసుకుంటారు. ఏమీ రాయని కార్డు లిస్టులోకి ఎక్కదు.