కర్రీ పాయింట్‌కి ఇన్‌స్పెక్షన్ రాకముందే చూసుకోవాల్సినవి

ఫుడ్ సేఫ్టీ ఆఫీసర్ వచ్చి నిలబడ్డాక ఫైలు వెతుక్కోవడం కాదండీ, ఖాళీ ఉన్నప్పుడే ఒకపూట కూర్చుని ఇవి చూసేసుకోండి.

- ఫోస్టాక్ (FSSAI వాళ్ల ఫుడ్ సేఫ్టీ ట్రైనింగ్) సర్టిఫికెట్ 2 ఏళ్లే పనిచేస్తుంది, డేట్ చూడండి. 25 మంది వర్కర్లకి ఒక ట్రైన్డ్ సూపర్‌వైజర్ ఉండాలి, చాలామంది ఇక్కడే దొరికిపోతారు, ఎందుకంటే ట్రైనింగ్ అయిన మాస్టర్ పక్క హోటల్‌కి వెళ్లిపోతే సర్టిఫికెట్ కూడా ఆయనతో పోయినట్టే, జిరాక్స్ గోడకి వేలాడదీసి లాభం లేదు. నన్నడిగితే ఇద్దరికి చేయించి పెట్టుకోవడం మేలు.
- వంటవాళ్లు, పార్సిల్ కట్టేవాళ్లు అందరికీ ఏడాదికోసారి మెడికల్ చెకప్ చేయించాలి, టైఫాయిడ్ టీకా కూడా వేయించి ఉండాలి. కొత్తగా చేరిన కుర్రాళ్లని మర్చిపోకండి.
- FSSAI లైసెన్స్‌లో ఉన్న అడ్రస్ ఇప్పటిదేనా? షాపు మారితే ఏం చేయాలో ఫోస్కోస్ (FSSAI లైసెన్సుల సైట్)లో చూసుకోండి.
- 14 అంకెల లైసెన్స్ నంబర్ బిల్లు మీద ఉండాలి. లైసెన్స్ కాపీ కౌంటర్ దగ్గర కనపడేలా పెట్టండి, దేవుడి పటం వెనకాల కాదు.
- నీళ్ల టెస్ట్ రిపోర్ట్, పెస్ట్ కంట్రోల్ రికార్డు ఒకే ఫైల్లో.
- లైసెన్స్‌కి ఏజెంటుతో అప్లై చేయిస్తే ఫోన్ నంబర్, మెయిల్ మీవే ఇవ్వండి, లేకపోతే మెసేజులన్నీ ఆయనకే పోతాయి, ఆయనేమో ఫోనెత్తడు.